పందికి మత్తు ఎలా ఇవ్వాలి: షెడ్డు నుంచి థియేటర్ దాకా, మళ్లీ షెడ్డు దాకా

పందుల మీద శస్త్రచికిత్స పరిశోధన మొదలుపెట్టే కొత్త బృందం ముందుగా అడిగేది డోసు. మత్తు మందులు కెటమిన్ కిలోకు ఎంత, జైలజిన్ ఎంత? ఆ లెక్కలు కింద ఉన్నాయి. కానీ పంది మత్తు చెడిందంటే కారణం చాలాసార్లు సిరంజిలో ఉండదు. ముందురోజు ఎక్కించిన వాహనంలోనో, మధ్యాహ్నపు ఎండలోనో, పందిని పట్టుకున్న తీరులోనో ఉంటుంది. బెదిరిన పందికి మందు సరిగా ఎక్కదు. ఎక్కలేదని మళ్లీ మళ్లీ ఇస్తే, బెదురు తగ్గే వేళకు ఇచ్చిందంతా ఒక్కసారిగా పనిచేసి ఊపిరి ఆగుతుంది.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో పందులను కొని, ఇక్కడో హైదరాబాద్‌లోనో రిజిస్టరైన ప్రయోగశాలలో పనిచేసే పశువైద్య పీజీ విద్యార్థులను, సర్జన్లను, టెక్నీషియన్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇందులోని డోసులు వాడుకలో ఉన్నవే అయినా, మీ ముందున్న పందికి ఏది తగునో మీ బృందంలోని పశువైద్యులే తేల్చాలి. మనుషులకు మత్తు ఇవ్వడంలో ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా పంది గొంతు దగ్గర మొదటిసారి కొత్తవారే. ఆ సంగతి వారికి ముందే మర్యాదగా చెప్పడం మంచిది.

కాగితాలు

దీన్ని త్వరగా ముగిద్దాం, కానీ దాటవేయలేం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నియమాల ప్రకారం ప్రయోగం జరిగే సంస్థ, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ దగ్గర రిజిస్టరై ఉండాలి. పాతవాళ్లు దీన్ని ఇప్పటికీ సీపీసీఎస్ఈఏ అనే అంటారు. మీ సంస్థ జంతు నైతిక కమిటీ ముందు ప్రయోగానికి అనుమతి కోరే ఫారం బి పెట్టాలి. ఎలుకలకైతే ఆ కమిటీ అనుమతి సరిపోతుంది. పంది పెద్ద జంతువుల లెక్కలోకి వస్తుంది కాబట్టి ప్రతిపాదన కేంద్ర కమిటీ దాకా వెళ్లాలి. అందుకు పట్టే సమయాన్ని మీ పరిశోధన క్యాలెండర్‌లో ముందే కలుపుకోండి. ఫారంలో మత్తు, నొప్పి మందులు, ప్రయోగాన్ని ఏ దశలో ఆపేస్తారు అన్నవి వివరంగా రాయాలి. 'అవసరాన్ని బట్టి నొప్పి మందు ఇస్తాం' అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన ప్రతిపాదన తిరిగి వస్తే కమిటీని తప్పుపట్టలేం.

కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది. తాళం వేసిన బీరువా, విడి రిజిస్టరు, ప్రతి మిల్లీలీటరుకు సంతకం తప్పవు. సీసాలో మిగిలి పారబోసినది కూడా రాయాలి.

ఏ పంది?

మన ప్రాంతంలో రెండు రకాలు దొరుకుతాయి. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా పెంచుతున్న నల్ల నాటు పందులు ఒకటి. షెడ్లలో పెంచే తెల్లని లార్జ్ వైట్ యార్క్‌షైర్, దాని సంకరాలు రెండోది. నాటు పంది గట్టిది, నెమ్మదిగా పెరుగుతుంది. కానీ ఊరంతా తిరిగి తినే పందిలో నులిపురుగులు, బద్దెపురుగు తిత్తులు ఉండే అవకాశం ఎక్కువ. టీకాల చరిత్ర కూడా తెలియదు. యార్క్‌షైర్ చర్మం తెల్లగా ఉండటంతో సిర సులువుగా కనిపిస్తుంది, రంగు మారితే వెంటనే తెలుస్తుంది. దాని చిక్కు మరొకటి, చాలా వేగంగా పెరుగుతుంది. ఈ రోజు 30 కిలోలున్న పంది రెండు నెలల్లో రెట్టింపు కావచ్చు. ఇంప్లాంటు పెట్టి మూడు నెలలు చూసే పరిశోధనలో చివరి రోజున ఆ బరువును బల్ల మీదికి ఎత్తగలరా అన్నది కొనేటప్పుడే ఆలోచించుకోవాలి.

నియమాల ప్రకారం రిజిస్టరైన పెంపకందారు దగ్గరే కొనాలి. అక్కడ దొరకకపోతే లిఖితపూర్వక అనుమతితో ఇతర చట్టబద్ధ మార్గం చూసుకోవాలి. ఎక్కడ కొన్నా సంతలో మాత్రం వద్దు. నాలుగు ఊళ్ల పందులు కలిసే చోట నాలుగు ఊళ్ల జబ్బులూ కలుస్తాయి. 2020లో మన దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అడుగుపెట్టిన షెడ్డును ఖాళీ చేస్తుంది. మామూలు (క్లాసికల్) స్వైన్ ఫీవర్‌కు టీకా వేసిన, హోటల్ వ్యర్థాలు కాకుండా దాణా తినే మంద నుంచి ఒకే ఈత పిల్లలను తీసుకుంటే పోట్లాటలు కూడా తక్కువ. ఎముకల మీద పరిశోధన అయితే నల్గొండ వైపు మరో ప్రశ్న అడగాలి: ఆ షెడ్డుకు నీళ్లు ఎక్కడివి? బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఎక్కిన ఎముక మీద స్క్రూ పట్టు గురించి మీరు తేల్చేది మిగతా లోకానికి పనికిరాకపోవచ్చు.

ఒంటరి పందిని తీసుకురావద్దు. ప్రయోగం ఒకదాని మీదే అయినా తోడుగా రెండోది ఉండాలి.

ఎండ, ప్రయాణం, వారం రోజుల విరామం

పందికి చెమట పట్టదు అన్నా దాదాపు నిజమే. ఒంటి వేడి తగ్గించుకోవడానికి దానికున్నవి ఊపిరి, బురద మాత్రమే. మే నెలలో నల్గొండ ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజుల్లో జడ్చర్ల నుంచో నార్కట్‌పల్లి నుంచో మధ్యాహ్నం పూట ఇనుప ట్రాలీలో పందిని పంపితే, అది దిగేసరికే సగం జబ్బుపడి ఉంటుంది. తెల్లవారుజామున ఎక్కించి ఎండ ముదరకముందే దింపండి. వాహనంలో అడుగున తడి ఇసుకో తడి గోనెసంచులో పరచండి. రొప్పుతూ దిగిన పంది మీద చల్లని నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించవద్దు. నేల తడపండి, నీళ్లు చిలకరించండి, నీడలో వదిలేయండి. వేసవిలో ఎంపిక చేసుకునే వీలుంటే అసలు కొనుగోలే జూలైకి వాయిదా వేయండి.

వచ్చిన పందికి కనీసం ఏడు రోజుల విరామం ఇవ్వాలి. ఈ వారం ఖాళీ సమయం కాదు. రోజూ ఒకే మనిషి, ఒకే రంగు బట్టలతో, చేతిలో అరటిపండు ముక్కో చిన్న బెల్లం ముక్కో పట్టుకుని వెళ్లాలి. మొదటి రోజు అది మూలకు పోతుంది. రెండు మూడు రోజులకు మూతితో మీ మోకాలు పొడుస్తుంది. అప్పుడు మెడ మీద, చెవి వెనక చేత్తో నిమరడం మొదలుపెట్టండి. సూది పడబోయేది అక్కడే. తూకం యంత్రాన్ని షెడ్డులోనే పెట్టి, దాని మీద బెల్లం వేస్తే తనే ఎక్కి నిలబడుతుంది. కాళ్లు కట్టి కర్రకు వేలాడదీసి తూచే పాత పద్ధతిని మరిచిపోండి. పంది అరుపు మీ చెవులకే కాదు, పక్క గదిలో రేపటి వంతు ఉన్న పందికీ వినిపిస్తుంది.

ఈ వారంలోనే పరీక్షలు పూర్తి చేయండి. ఉష్ణోగ్రత 38.5 నుంచి 39.5 డిగ్రీల మధ్య ఉండాలి. దగ్గుతున్న పందిని పక్కన పెట్టండి. పందుల్లో న్యుమోనియా బయటికి కనిపించకుండా ఉండి, మత్తులో ఆక్సిజన్ పడిపోయినప్పుడే బయటపడుతుంది. గుండె చప్పుడులో తేడా వినిపిస్తే పుట్టుకతో వచ్చిన రంధ్రం ఉందేమో చూడాలి.

ముందు రాత్రి

ఘనాహారం 8 నుంచి 12 గంటల ముందు ఆపాలి. పేగుల మీద శస్త్రచికిత్స అయితే ఇంకా ముందుగా ద్రవాహారానికి మార్చాలి. నీళ్లు మాత్రం రెండు గంటల ముందు వరకూ ఉంచండి. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: దాణా తొట్టి తీసేసి, కింద పరచిన వరిగడ్డి వదిలేస్తారు. ఆకలేసిన పంది గడ్డిని మిగల్చదు. పొద్దున కడుపు నిండా గడ్డితో బల్ల మీదికి వస్తుంది. గడ్డి తీసేసి రబ్బరు చాప వేయండి. చిన్న పంది పిల్లలకు ఈ లెక్కలు వర్తించవు. వాటిని రెండు మూడు గంటలకు మించి పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోతుంది.

ఆ రాత్రే ట్రాలీ సర్దుకోవాలి. శ్వాసనాళంలోకి దించే ట్యూబులు మూడు సైజుల్లో, గొంతులోకి చూడటానికి పొడవాటి తిన్నని బ్లేడు ఉన్న లారింగోస్కోప్, తిమ్మిరి మందు లిగ్నోకెయిన్, చేత్తో నొక్కే అంబు బ్యాగు, సక్షన్, నిండు ఆక్సిజన్ సిలిండర్, దాని పక్కన ఇంకో నిండు సిలిండర్, అట్రోపిన్, అడ్రినలిన్, పంది బరువు ప్రకారం అత్యవసర మందుల మోతాదు రాసిన కాగితం. ఆ కాగితాన్ని గోడకు అంటించండి. కరెంటు పోతే వెంటిలేటర్ ఎంతసేపు నడుస్తుందో ఆ పూటే ప్లగ్గు తీసి చూసుకోండి.

మొదటి సూది

ఇది షెడ్డులోనే, పందికి అలవాటైన గదిలోనే పడాలి. చెవి వెనక మెడ కండలోకి 18 లేదా 20 గేజి, ఒకటిన్నర అంగుళం సూది కావాలి. పొట్టి సూదితో పొడిస్తే మందు కొవ్వులో ఉండిపోతుంది. పది నిమిషాలైనా పంది తిరుగుతూనే ఉంటుంది, మీరు మందు మంచిది కాదనుకుంటారు. సూదికి, సిరంజికి మధ్య ఒక సన్నని పొడుగు గొట్టం తగిలించండి. ఒకరు అరటిపండు తినిపిస్తుంటే, సూది గుచ్చి వదిలేసి పంది వెంట నడుస్తూ మందు ఎక్కించవచ్చు. పట్టుకోవాల్సిన పనే లేదు.

30 కిలోల పందికి ఒక లెక్క చూద్దాం. కెటమిన్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున 450 మి.గ్రా. మి.లీ.కు 50 మి.గ్రా. ఉండే సీసా అయితే 9 మి.లీ. మిడాజొలామ్ కిలోకు 0.2 చొప్పున 6 మి.గ్రా., మి.లీ.కు 5 మి.గ్రా. ఉండే ఆంపూల్ నుంచి 1.2 మి.లీ. అట్రోపిన్ కిలోకు 0.04 చొప్పున 1.2 మి.గ్రా., అంటే 0.6 మి.గ్రా. ఆంపూళ్లు రెండు. మొత్తం 12 మి.లీ. దాటింది కాబట్టి మెడకు రెండు వైపులా సగం సగం ఇవ్వండి. మిడాజొలామ్ బదులు జైలజిన్ వాడేవారు కిలోకు 2 మి.గ్రా. ఇస్తారు. చవక, అంతటా దొరుకుతుంది. కానీ ఆవుకు చిటికెడు చాలిన ఈ మందు పందికి అంత తేలిగ్గా పట్టదు. పైగా గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గుండె మీద పరిశోధన అయితే నేను దాన్ని దూరంగానే ఉంచుతాను. అజాపెరోన్ దొరికినవారు అదృష్టవంతులు. కిలోకు 2 నుంచి 4 మి.గ్రా.తో పంది చక్కగా నెమ్మదిస్తుంది.

సూది పడ్డాక లైటు తగ్గించి, అందరూ బయటికి వచ్చి, ఒకరు మాత్రం తలుపు సందులోంచి చూస్తూ ఉండాలి. పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. పడుకున్న పంది మూతి మూలకు నొక్కుకుపోయి మెడ వంగితే ఊపిరి మూసుకుపోతుంది. కాపలా మనిషి చూడాల్సింది అదే. స్ట్రెచర్ మీదికి ఎత్తగానే ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టండి, థియేటర్ దగ్గరే అయినా సరే.

చెవి సిర

చెవి వెనక అంచు వెంబడి సాగే సిర మీ దారి. చెవి మొదట్లో రబ్బరు బ్యాండు కట్టి, స్పిరిట్ దూదితో రుద్ది, వేలితో నాలుగైదు సార్లు తట్టండి. తెల్ల పందిలో నీలి గీత తేలుతుంది. నల్ల పందిలో కనిపించదు, వేలి కొసతోనే పట్టుకోవాలి. చెవి చల్లగా ఉంటే వేడి నీటిలో ముంచి పిండిన గుడ్డ కాసేపు కప్పండి. సిరలో ఉంచే సన్నని గొట్టం, అంటే కాన్యులా, 20 లేదా 22 గేజిది సరిపోతుంది. రక్తం కనిపించగానే బ్యాండు తీసేయండి. చెవి మెత్తగా వేలాడుతుంది కాబట్టి ప్లాస్టర్ ఒక్కటే నిలవదు. చుట్టిన గాజుగుడ్డ రోలును చెవి లోపలి వైపు పెట్టి, దాని చుట్టూ ప్లాస్టర్ వేస్తే చెవి నిటారుగా ఉండి కాన్యులా జారదు.

ఇప్పుడు ప్రోపొఫాల్ కిలోకు 2 నుంచి 4 మి.గ్రా., నిమిషం పాటు మెల్లగా. దవడ పూర్తిగా వదులయ్యే దాకానే. వేగంగా తోస్తే ఊపిరి ఆగుతుంది, అప్పటికి ట్యూబు ఇంకా చేతిలోనే ఉంటుంది.

ట్యూబు

పంది మత్తులో చెమటలు పట్టించే ఘట్టం ఇదే. మూతి పొడవు, నోరు తెరుచుకునేది తక్కువ. మెత్తని అంగిలి పొడవుగా వచ్చి, స్వరపేటికకు మూతలా ఉండే ఎపిగ్లాటిస్‌ను కప్పి ఉంటుంది. స్వరపేటిక శ్వాసనాళంతో ఒకే గీతలో ఉండదు, కిందికి వంగి ఉంటుంది. దేనికైనా తాకితే బిగుసుకుంటుంది.

పందిని బోర్లా పడుకోబెట్టండి. సహాయకుడు పై దవడకు ఒక గాజుగుడ్డ పట్టీ, కింది దవడకు ఇంకొకటి వేసి నోరు తెరిచి పట్టుకోవాలి. తలను మరీ వెనక్కి విరవకూడదు, విరిస్తే దారి ఇంకా మూసుకుంటుంది. నాలుకను బయటికి లాగి, బ్లేడుతో అణచండి. మనుషులకు వాడే పెద్ద మిల్లర్ బ్లేడు చిన్న పందుల వరకే సరిపోతుంది. ఆపైన 25 సెం.మీ. దాకా ఉన్నది కావాలి. అంగిలి అడ్డుగా ఉంటే ట్యూబు కొసతో మెల్లగా పైకి తోస్తే ఎపిగ్లాటిస్ కిందికి వస్తుంది. స్వరతంత్రుల మీద 2 శాతం లిగ్నోకెయిన్ ఒకటి రెండు మి.లీ. చిమ్మి, ఒక పూర్తి నిమిషం ఆగండి. ఆ నిమిషంలో మాస్కు మళ్లీ పెట్టండి. ఈ ఆగడం తెలియనివారు ఆ నిమిషాన్ని మిగిల్చుకుని పది నిమిషాలు పోగొట్టుకుంటారు.

30 కిలోల పందికి 6.5 లేదా 7 సైజు ట్యూబు. స్వరతంత్రుల మధ్య నుంచి కొస లోపలికి వెళ్లాక ఒక చోట ఆగిపోతుంది. అది స్వరపేటిక అడుగు గోడకు తగిలింది. అక్కడ తోయవద్దు. ట్యూబును 180 డిగ్రీలు తిప్పుతూ మెల్లగా ముందుకు జరపండి, జారుతూ వెళ్తుంది. బలవంతం చేస్తే గొంతు వెనక ఉండే చిన్న సంచి చిరిగి, చర్మం కింద గాలి చేరుతుంది. రెండు ప్రయత్నాల్లో కాకపోతే ఆపి, ఆక్సిజన్ ఇచ్చి, చిన్న సైజుతో మొదలుపెట్టండి.

మరీ లోతుగా కూడా పంపకూడదు. పందికి కుడి పై ఊపిరితిత్తి భాగానికి వెళ్లే నాళం, శ్వాసనాళం రెండుగా చీలకముందే విడిపోతుంది. ట్యూబు లోతుగా దిగితే ఆ నాళం మూసుకుపోతుంది. ఛాతీ రెండు వైపులా లేస్తున్నట్టే ఉంటుంది కానీ ఆక్సిజన్ మాత్రం మెల్లగా జారుతూ ఉంటుంది. ట్యూబును భుజం ఎముక మొన దాకా ముందే కొలిచి గుర్తు పెట్టుకోండి. సరైన చోట ఉందని నమ్మడానికి, బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను చూపే క్యాప్నోగ్రాఫ్ గీత చూడాలి. ట్యూబు మీద ఆవిరి పట్టిందన్న సాక్ష్యాన్ని నమ్మవద్దు.

బల్ల మీద

మత్తు గ్యాసు ఐసోఫ్లూరేన్‌ను 1.5 నుంచి 2.5 శాతం మధ్య నడపండి. వెంటిలేటర్ మీద కిలోకు 8 నుంచి 10 మి.లీ. గాలి, నిమిషానికి 12 నుంచి 18 సార్లు, బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మి.మీ. (పాదరసం) మధ్య ఉండేలా సరిచేసుకోవాలి. ఒక గొట్టం నోటి నుంచి కడుపులోకి దించి గాలి బయటికి పోనివ్వండి. పంది కడుపు ఉబ్బితే ఊపిరితిత్తులు అణుగుతాయి.

మత్తు లోతు తెలుసుకోవడానికి కంటిరెప్పను నమ్ముకునే అలవాటు కుక్కల దగ్గర నేర్చుకున్నవారికి ఉంటుంది. పంది దగ్గర అది మోసం చేస్తుంది. దవడ బిగువు చూడండి. గిట్టల మధ్య చర్మాన్ని గట్టిగా నొక్కి, కాలు వెనక్కి లాగుతుందా చూడండి. కండరాలు సడలించే మందు ఇచ్చాక ఈ రెండు ఆధారాలూ పోతాయి. కాబట్టి మత్తు చాలని నిర్ధారించుకోకుండా ఆ మందు జోలికి వెళ్లకూడదు. కదలలేని పంది నొప్పి అనుభవిస్తుంటే చెప్పేది గుండె వేగం, రక్తపోటు మాత్రమే.

పల్స్ ఆక్సిమీటర్ క్లిప్పు తెల్ల పందికి చెవికో తోకకో పెట్టవచ్చు. నల్ల పందికి నాలుక మీదే నమ్మకం. సగటు రక్తపోటు 60 నుంచి 65 కంటే పడిపోకూడదు. రింగర్ లాక్టేట్ గంటకు కిలోకు 5 నుంచి 10 మి.లీ. పంది ఒంట్లో రక్తం కిలోకు సుమారు 65 మి.లీ., అంటే మన 30 కిలోల పందిలో రెండు లీటర్లకు అటూ ఇటూ. 300 మి.లీ. పోయిందంటే చిన్న విషయం కాదు. తడిసిన గాజుగుడ్డలను తూచి లెక్క రాయడం ఒకరి పనిగా పెట్టండి. మూత్రం కొలవాల్సి వస్తే మగపందికి మామూలు క్యాథటర్ వెళ్లదు. దాని మూత్రనాళం మెలికలు తిరిగి ఉంటుంది. ఆడపందిని ఎంచుకోండి, లేదా పొట్ట మీదుగా మూత్రాశయంలోకి గొట్టం వేయండి.

బయట 42 డిగ్రీలున్నా థియేటర్‌లో మీరు గౌన్లలో ఉడికిపోకుండా ఏసీ 18కి పెడతారు. రోమం పలచగా ఉన్న పందికి, పొట్ట తెరిచాక, అది చలికాలమే. వేడి చాప, చుట్టూ దుప్పటి, వెచ్చబరచిన సెలైన్ సిద్ధంగా ఉంచండి. ఉష్ణోగ్రత అన్నవాహికలో పెట్టిన ప్రోబ్‌తో ఎప్పుడూ తెర మీద కనిపిస్తూ ఉండాలి. ఈ ఒక్క అంకె రెండు ప్రమాదాలనూ పట్టిస్తుంది. ఒకటి చలి. రెండోది దానికంటే చాలా భయంకరమైనది.

వేడి ఎగబాకితే

మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అనే స్థితి పందుల్లో జన్యువు ద్వారా వస్తుంది. కండరాల్లో కాల్షియాన్ని వదిలే ద్వారం తాలూకు ఆర్‌వైఆర్1 జన్యువులో ఒక్క అక్షరం మారడమే కారణమని 1991లో తేలింది. పీట్రెయిన్, ల్యాండ్‌రేస్, పోలాండ్ చైనా జాతుల్లో ఎక్కువ. సంకర పందులు కొనేటప్పుడు వాటి తల్లిదండ్రుల జాతి అడగాల్సింది ఇందుకే. ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, హాలోథేన్, సక్సినైల్‌కోలిన్ దీన్ని రగిలిస్తాయి. మందు లేకుండా కేవలం బెదురుతోనే రగిలిన పందులు కూడా ఉంటాయి.

మొదటి సూచన వేడి కాదు. బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్, వెంటిలేటర్ ఏమీ మార్చకుండానే, నిమిషాల్లో 40 నుంచి 60, 80కి ఎగబాకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కాళ్లు కర్రల్లా బిగుస్తాయి, తెల్ల చర్మం మీద ఎర్రని, నీలి మచ్చలు తేలతాయి. ఉష్ణోగ్రత ఆ తర్వాత లేస్తుంది. వెంటనే ఐసోఫ్లూరేన్ ఆపి, వీలైతే గొట్టాలు మార్చి, వంద శాతం ఆక్సిజన్‌తో ఊపిరి వేగం పెంచండి. మత్తును ప్రోపొఫాల్‌తో కొనసాగించండి. మంచు సంచులు, చల్లని సెలైన్ వాడండి. మందు డాంట్రోలీన్, కిలోకు 2 నుంచి 5 మి.గ్రా. మామూలుగా వచ్చే 20 మి.గ్రా. సీసాను 60 మి.లీ. శుద్ధ నీటిలో కరిగించాలి, అది అంత తేలిగ్గా కరగదు. 30 కిలోల పందికి మూడు చొప్పున అనుకున్నా ఐదు సీసాలు కావాలి, కలపడానికే ఇద్దరు మనుషులు కావాలి. జిల్లా కేంద్రంలో మందుల దుకాణానికి పరుగెత్తితే దొరికే వస్తువు కాదు. ముందే తెప్పించి పెట్టుకోండి. లేదా అనుమానం ఉన్న జాతి అయితే మొదటి నుంచీ గ్యాసు జోలికి పోకుండా ప్రోపొఫాల్, ఫెంటనిల్ మీదే నడపండి.

గుండె విషయంలో మరొక మాట. పంది గుండెను చేత్తో ముట్టుకుంటే చాలు, లయ తప్పుతుంది. ఛాతీ తెరిచే పరిశోధనలో లిగ్నోకెయిన్, అమియోడరోన్ సిరంజీల్లో నింపి పేర్లు రాసి ఉండాలి, షాకుతో గుండె లయను సరిచేసే డీఫిబ్రిలేటర్ ఛార్జి అయి పక్కనే ఉండాలి.

నొప్పి

నొప్పి మందు మొదటి కోతకు ముందే పడాలి. బుప్రెనార్ఫిన్ కిలోకు 0.01 నుంచి 0.03 మి.గ్రా. కండలోకి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలకోసారి. మెలాక్సికామ్ కిలోకు 0.4 మి.గ్రా. రోజుకోసారి. కోత వేసే చోట బుపివకెయిన్ కిలోకు 2 మి.గ్రా. దాటకుండా, అంటే 30 కిలోలకు 0.5 శాతం మందు 12 మి.లీ. వరకు. ఈ మూడూ కలిస్తే గ్యాసు కూడా తక్కువ పడుతుంది. డైక్లోఫెనాక్ కోసం చేయి చాచే పాత అలవాటు ఇంకా కొందరిలో ఉంది. రాబందులను చంపిన ఆ మందును పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు, కీటోప్రొఫెన్‌ను 2023లో. మెలాక్సికామ్‌తో ఆ గొడవ లేదు. పందికి కడుపు పుండ్లు త్వరగా వస్తాయి కాబట్టి దాన్ని ఎక్కువ రోజులు వాడితే పాంటొప్రజోల్ కూడా ఇవ్వండి. యాంటీబయాటిక్ సిఫజోలిన్, కిలోకు 25 మి.గ్రా., కోతకు అరగంట ముందు సిరలోకి.

లేచే వేళ

శస్త్రచికిత్స ముగిసిందని సర్జన్లు టీకి వెళ్లే సమయంలోనే పందికి గండం. దవడ గట్టిపడి, మింగడం మొదలై, ట్యూబును తనే నమిలే దాకా ట్యూబు తీయవద్దు. తీశాక ఛాతీ మీద బోర్లా పడుకునేలా రెండు వైపులా దుప్పట్ల ఆసరా పెట్టి, ఆక్సిజన్ మాస్కు కొనసాగించండి. గొంతులో గురగుర వినిపిస్తే తల కొద్దిగా ముందుకు చాచి, నాలుక బయటికి లాగండి. పూర్తిగా లేచి నిలబడేవరకు మనిషి పక్కనే ఉండాలి.

తోటి పందుల మధ్య అప్పుడే వదలవద్దు. తూలుతున్న పందిని మిగతావి కొరుకుతాయి. కానీ అవి కనిపించేలా, వాసన తగిలేలా జాలీ అవతలే ఉంచండి. తడబడకుండా నడిచాక నీళ్లు, ఆ తర్వాత మెత్తగా కలిపిన తవుడు కొద్దిగా.

మొదటి మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూసి రాయాలి: లేచిందా, తిన్నదా, మూత్రం పోసిందా, కుట్టు ఉబ్బిందా, ఉష్ణోగ్రత ఎంత. నొప్పిగా ఉన్న పంది అరవదు. నడుం వంచి నిలబడుతుంది, తోక వేలాడేస్తుంది, మూలకు ముఖం పెట్టుకుని ఉంటుంది, మీరు తెచ్చిన అరటిపండును వాసన చూసి వదిలేస్తుంది. వారం రోజులు అలవాటు చేసిన మనిషే ఈ తేడాను ముందుగా పట్టగలరు, కాబట్టి డ్యూటీ వారికే వేయండి. బెల్లం ముక్క ముట్టని పందికి తర్వాతి డోసు సమయం వచ్చేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యులకు ఫోను చేయాలి.

పరిశోధన చివర ప్రాణం తీయాల్సి వస్తే అది కూడా లోతైన మత్తులోనే, మొదటి రోజు లాగే షెడ్డులో సూదితో మొదలుపెట్టి, చెవి సిర ద్వారా థయోపెంటోన్ లేదా పెంటోబార్బిటాల్ ఎక్కువ మోతాదులో ఇవ్వాలి. పొటాషియం క్లోరైడ్ వాడితే మత్తు పూర్తిగా ఉందని చూశాకే. కళేబరం పసుపు సంచిలో దహనయంత్రానికి వెళ్లాలి. మందులు ఎక్కిన ఆ మాంసం కోసం షెడ్డు దగ్గర ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఇవ్వకూడదు, కుక్కలకు కూడా. దహనయంత్రం రశీదు రిజిస్టరులో అంటించి, కెటమిన్ బీరువాకు తాళం వేయండి.